నూనె ఎక్కడి నుంచి కారుతోంది?

పాత కారు కింద ఎర్రటి మరక కనబడగానే మనవాళ్లు ముందు అడిగేది "ఎంతవుతుంది?" అని. "ఎక్కడి నుంచి కారుతోంది?" అని అడిగేవాళ్లు తక్కువ. డెట్రాయిట్ చుట్టుపక్కల నాకు తెలిసిన నాలుగైదు తెలుగు ఇళ్లలో ఇప్పుడు పాత కార్లున్నాయి. 1995 నుంచి ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్ చూసి, మనసు పడి కొన్నవాళ్లే అందరూ. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను.

నాది 1966 ఫోర్డ్ మస్టాంగ్. ఆరు సిలిండర్ల ఇంజిన్, సి4 అనే ఫోర్డ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో లోకానికి పరిచయమైన కారు ఇది. మా ఇంటికి దగ్గర్లోని డియర్‌బోర్న్‌లోనూ తయారయ్యేది. నిరుడు దాని కింద మరకలు మొదలైతే ఒక షాపుకి తీసుకెళ్లాను. పది నిమిషాల్లో తేల్చేశారు: గేర్‌బాక్స్ దింపాలి, మొత్తం రీబిల్డ్ చేయాలి, వేల డాలర్ల పని. ఏ చోట కారుతోందో చూపించమన్నాను. ఇంత పాత బండికి అన్ని చోట్లా కారుతుందన్నారు. నేనే వంగి చూశాను. గేర్‌బాక్స్ అడుగంతా నూనె, దుమ్ము కలిసిన నల్లటి జిడ్డు. దాని మీద ఎవరూ ఒక్కసారి గుడ్డ వేసి తుడిచిన జాడ లేదు. కారు తిప్పుకుని ఇంటికొచ్చేశాను.

కారడం వేరు, అరిగిపోవడం వేరు. రీబిల్డ్ అంటే లోపలి క్లచ్ ప్లేట్లూ బ్యాండ్లూ మార్చడం. గేర్లు జారకుండా పడుతున్నాయంటే, డిప్‌స్టిక్ మీద నూనె ఎర్రగానే ఉండి మాడు వాసన రావడం లేదంటే, లోపలి భాగాలను అనుమానించాల్సిన పని లేదు. అరవై ఏళ్ల కారులో ముందు గట్టిపడేవి కడ్డీల చుట్టూ నూనె ఆపే రబ్బరు సీళ్లు, ఎండిపోయేవి అతుకుల మధ్య పరిచే కార్క్ గాస్కెట్లు. అదీ కదలకుండా గరాజ్‌లో ఉండే కారైతే మరీ త్వరగా.

మరక చూడగానే గేర్‌బాక్స్ అనేసుకోకూడదు. తెల్ల టిష్యూ కాగితం మీద ఒక చుక్క అద్దండి. గోధుమ రంగో నలుపో అయితే చాలావరకు ఇంజిన్ ఆయిల్. ఎరుపైతే గేర్‌బాక్స్ నూనె కావచ్చు. "కావచ్చు" అనే అంటున్నాను, ఎందుకంటే ఆ కాలపు ఫోర్డుల్లో పవర్ స్టీరింగ్‌లో పోసేదీ అలాంటి ఎర్ర నూనే. స్టీరింగ్ గొట్టం కారితే ఆ నూనె గాలికి వెనక్కి పాకి గేర్‌బాక్స్ మీదికి చేరుతుంది. పాతబడిన గేర్‌బాక్స్ నూనె గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

తర్వాత పని శుభ్రం చేయడం. జాకీతో లేపి, చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందికి దూరాలి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి దూరొద్దు. డీగ్రీజర్ కొట్టి, బ్రష్షుతో రుద్ది, లోహం రంగు కనిపించేదాకా కడగాలి. నాకు ఒక శనివారం మధ్యాహ్నమంతా పట్టింది. ఆరాక, కాళ్లకు కొట్టుకునే పౌడర్ స్ప్రే తెచ్చి గేర్‌బాక్స్ అంతా కొట్టాను. విభూతి పూసినట్టు తెల్లగా అయింది. కారు ఒకసారి తిప్పి, రెండు రోజులు అలాగే వదిలేసి, టార్చి వేసి చూస్తే ఆ తెలుపు మీద కుంకుమ గీతలాగా ఒక్కటే దారి. ఎడమవైపు గేర్ లివర్ కడ్డీ లోపలికి వెళ్లే చోట పుట్టి, కిందికి దిగి, ప్యాన్ (గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే పళ్లెం) అంచు పట్టుకుని వెనక్కి పాకి, చివరి బోల్టు దగ్గర చుక్కై వేలాడుతోంది. చుక్క పడిన చోటే చూసి ఉంటే ప్యాన్ గాస్కెట్టే కారణమనుకునేవాణ్ణి. నూనె కిందికీ వెనక్కీ పోతుంది, కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన, ముందు ఉన్నదాన్నే పట్టుకోవాలి.

ఇంకో ఆధారం మా అమ్మాయి పట్టుకుంది. కారు కింద పరిచిన అట్ట మీద ప్రతి మరక చుట్టూ పెన్నుతో గీసి తేదీ వేసేది. నెల తిరిగాక పిలిచింది: "నాన్నా, నువ్వు నడిపిన వారాల్లో చిన్న చుక్కలే ఉన్నాయి చూడు. నడపని వారం మాత్రం అరచేయంత." ఆ మాటతో నాకు అసలు సంగతి అర్థమైంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ అని నూనెతో నిండిన డ్రమ్ము ఒకటుంటుంది. కారు చాలా రోజులు నిలబడితే అందులోని నూనె మెల్లగా ప్యాన్‌లోకి దిగిపోతుంది. ప్యాన్‌లో మట్టం పెరిగి, మామూలుగా నూనె పైన ఉండే లివర్ కడ్డీ సీలు దాకా వస్తుంది. సీలు గట్టిపడి ఉంటే అక్కడి నుంచి బయటికి కారుతుంది. సి4లో ఇది బాగా తెలిసిన జబ్బు. మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ తీస్తే, నూనె ఫుల్ గీత దాటి రెండంగుళాల పైన ఉంది. ఇరవై నిమిషాలు నడిపి, అన్ని గేర్లూ ఒకసారి తిప్పి, గేర్ లివర్ పార్క్ (P)లో పెట్టి ఇంజిన్ నడుస్తుండగా చూస్తే సరిగ్గా గీత మీదే. చల్లటి కారులో మట్టం చూసి నూనె ఎక్కువైందని తోడేసేవాళ్లున్నారు. నిజంగా గేర్‌బాక్స్‌ను పాడుచేసేది ఆ తోడడమే.

కింద చుక్క లేకుండానే నూనె తగ్గిపోతుంటే ఇంజిన్ పీల్పును బట్టి గేర్లు మారే సమయాన్ని సర్దే వ్యాక్యూమ్ మాడ్యులేటర్ చూడండి. దాని రబ్బరు గొట్టం లాగితే లోపల ఎర్రగా తడి ఉంటే, పొర చిరిగి ఇంజినే ఆ నూనెను పీల్చి కాల్చేస్తోందన్నమాట. పొగగొట్టంలో తెల్ల పొగ కూడా వస్తుంది.

కారడం ఆపే మందు సీసాలు మాత్రం పోయొద్దు. అవి సీళ్లను కొన్నాళ్లు ఉబ్బిస్తాయి, తర్వాత మెత్తబరిచి చెడగొడతాయి, ఈలోగా జాడ కనిపెట్టే అవకాశం పోతుంది. గాస్కెట్ మీద సిలికాన్ దట్టంగా పూయడమూ అంతే. లోపలికి పొంగిన ముక్క ఊడి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

నేను విజయవాడలో పెరిగాను. ఆటోనగర్‌లో మా నాన్న బండి చూసే మేస్త్రి పానా పట్టే ముందు గుడ్డ పట్టేవాడు. తుడిచి, కాసేపు ఇంజిన్ తిప్పి, మళ్లీ తుడిచి, వేలితో తడి చూసేవాడు. ఆ చూసిన గంటకి కూలి అడిగితే మా నాన్న బేరమాడేవారు, సామాను ధర మాత్రం మాట్లాడకుండా ఇచ్చేసేవారు. ఇక్కడికొచ్చినా మనలో చాలామందిది అదే లెక్క. వెతికిన గంటకు డబ్బివ్వడం దండగ అనుకుంటాం, వేల డాలర్ల రీబిల్డ్ బిల్లు మీద మాత్రం సంతకం పెట్టేస్తాం. వెతకడానికి డబ్బు రానప్పుడు షాపువాళ్లు వెతకరు, గేర్‌బాక్స్ దింపేస్తారు. అందుకని షాపులో అడుగుపెట్టగానే రెండు మాటలు చెప్పండి: వెతకడానికి పట్టిన సమయానికి డబ్బిస్తాను, కడిగాక తడి చోటు నాకు కళ్లారా చూపించాలి. గేర్‌బాక్స్ ముందువైపు, టార్క్ కన్వర్టర్ వెనక దాగి ఉండే ఫ్రంట్ పంప్ సీలే కారుతోందని చూపిస్తే, గేర్‌బాక్స్ దింపక తప్పదు. అప్పుడు ఆ డబ్బు ఇవ్వడం న్యాయమే.

నా విషయంలో దింపే పని పడలేదు. బయటి నట్టుకు తుప్పు వదిలించే నూనె పట్టించి ఒక రాత్రి నానబెట్టాను, బలవంతం చేస్తే లోపలి కడ్డీ విరుగుతుంది. ప్యాన్ దింపి, లోపలి నట్టు విప్పి, కడ్డీ లాగి, పెద్ద సీలూ లోపలి చిన్న ఓ-రింగూ మార్చాను. ప్యాన్ అంచులో బోల్టు రంధ్రాల చుట్టూ పైకి ఉబ్బిన చోట్లు చెక్క మీద పెట్టి సుత్తితో సాఫు చేశాను. రెండు సీళ్లు, కొత్త గాస్కెట్, ఈ గేర్‌బాక్స్‌లో పోసే టైప్ ఎఫ్ నూనె కలిపి వంద డాలర్లు దాటలేదు.

మూడు వారాలు కారు కదపలేదు, కావాలనే. అమ్మాయి కొత్త అట్ట పరిచి తేదీ వేసింది. ప్యాన్ కింద ఏమీ లేదు. వెనక, చక్రాలను తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ గేర్‌బాక్స్ లోపలికి వెళ్లే చోటికి సరిగ్గా కింద, శనగగింజంత చుక్క ఒకటుంది. దాని చుట్టూ కూడా గీత గీసింది.