డజను గుడ్లూ, నా ఎడమ చెయ్యీ

పద్దెనిమిదేళ్ళుగా బైకు తప్ప ఇంకో బండి ముట్టని మనిషిని నేను. స్కూటర్‌ని బండి అని మనసులో ఏనాడూ ఒప్పుకోలేదు. గేర్లు లేవు, క్లచ్చు లేదు, కాళ్ళకి పనే లేదు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని పోయేదాన్ని నడపడం అంటారా?

ఆదివారం పొద్దున్నే నా బైకు పంక్చరైంది. పటమట రైతు బజారుకి వెళ్ళక తప్పదు. మా ఆవిడ తన స్కూటర్ తాళం ఇస్తూ, "ఎడమ చేతిది బ్రేకండీ" అంది.

"నాకు చెప్తున్నావా?"

"మరి హెల్మెట్?"

"ఇక్కడికేగా" అని దాన్ని డిక్కీలో పడేశాను.

పోయేటప్పుడు బాగానే పోయాను. కాకపోతే, నా బైకు 18 అంగుళాల చక్రం పలకరించి వదిలేసే గుంతలో దీని 10 అంగుళాల వెనక చక్రం దిగి, కూర్చుని, లేచి వచ్చేది. అది తప్ప, నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది. వచ్చేటప్పుడు కూరల సంచి కొక్కేనికి తగిలించాను. డజను గుడ్ల కవరు డిక్కీలో పెడదామంటే అక్కడ హెల్మెట్ భద్రంగా పడుకుని ఉంది. సరే అని కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాను, కుడివైపు.

మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్. బైకు మీదైతే ఎడమ చెయ్యి క్లచ్ నొక్కుతుంది, ఎడమ కాలు గేరు తగ్గిస్తుంది, కుడి కాలు బ్రేకు తొక్కుతుంది. ఇవి నేను చేసే పనులు కావు, వాటంతటవే జరిగిపోతాయి. ఆ రోజూ జరిగిపోయాయి.

క్లచ్ అనుకుని ఎడమ చెయ్యి లివర్‌ని పిడికిలి బిగించి నొక్కేసింది. ఉత్త వెనక బ్రేకే అయితే కొంత నయం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు కొత్త బళ్ళకి కాంబీ బ్రేకో, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సో ఉండి తీరాలన్నారు కదా, మా ఆవిడ బండికి ఉన్నది కాంబీ. ఎడమ లివర్ నొక్కితే ముందు చక్రాన్నీ పట్టేస్తుంది. బండి మేకు కొట్టినట్టు ఆగింది. నేను ఆగలేదు. పొట్ట హ్యాండిల్‌కి తగిలి, ముక్కు అద్దాన్ని పలకరించింది. ఎడమ కాలు లేని గేరు కోసం తడుముకుంటోంది. కుడి కాలు మాత్రం తన ధర్మం వదల్లేదు. బ్రేకు ఉండాల్సిన చోట బలంగా తొక్కింది.

అక్కడ గుడ్లున్నాయి.

వెనకే పాత చేతక్ మీద వస్తున్న పెద్దాయన ఆగి, చెప్పులోంచి కారుతున్న సొనని చూశాడు. "క్లచ్ అనుకున్నావా బాబూ? మా బండికి క్లచ్చూ గేర్లూ అన్నీ ఎడమ చేతిలోనే. బ్రేకేమో కుడి కాలికి. మొన్న కోడలి స్కూటర్ మీద నాదీ ఇదే కథ. పాల ప్యాకెట్లు." మాటైతే అన్నాడు గానీ, ఆయన మొహంలో ఓదార్పు కన్నా ఆనందమే ఎక్కువ కనిపించింది.

ఇంట్లో గుడ్ల లెక్క తేలింది. మిగిలినవి మూడు.

నాకు పౌరుషం వచ్చింది. మధ్యాహ్నమంతా వీధిలో స్కూటర్‌ని అటూ ఇటూ తిప్పి, ఎడమ చేతికి పాఠం చెప్పాను. నువ్వు బ్రేకువి, నువ్వు బ్రేకువి. సాయంత్రానికి దానికి బాగా వంటబట్టింది.

చీకటి పడ్డాక పంక్చర్ వేయించిన బైకు తెచ్చుకుని, దర్జాగా గేట్లోకి తిప్పి, ఆపడానికి ఎడమ చెయ్యి గట్టిగా నొక్కాను. బైకు ఆగకుండా సర్రున జారుకుంటూ వెళ్ళి, లోపల నిలబెట్టి ఉన్న స్కూటర్ వెనక లైటుని పగలగొట్టింది.

బాల్కనీలోంచి మా ఆవిడ తాపీగా అంది: "అది క్లచ్చండీ."