సవరణ: 24 వారాల గడువు అందరికీ కాదు, భర్త సంతకం అక్కర్లేదు

మొన్నటి పోస్టులో "మన దేశంలో 24 వారాల దాకా ఎవరైనా అబార్షన్ చేయించుకోవచ్చు, పెళ్లయితే భర్త సంతకం కావాలి" అని రాశాను. రెండూ తప్పే.

అబార్షన్లకు సంబంధించిన 1971 నాటి ఎంటీపీ (మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ) చట్టాన్ని 2021లో సవరించారు. దాని ప్రకారం 20 వారాల లోపైతే ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ కొందరి విషయంలోనే: అత్యాచార బాధితులు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు వగైరా. పెళ్లికానివాళ్లని ఇందులోంచి తప్పించడం కుదరదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తేల్చింది. 24 దాటాక పిండంలో తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు చూడాలి. తల్లి ప్రాణం మీదికొస్తే ఈ వారాల లెక్క అడ్డురాదు.

ఇక సంతకం. అబార్షన్‌కి ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం ఫారం-సి. అందులో "ఫలానావారి కూతురు/భార్య" అని నింపే ఖాళీ ఉంటుంది. అది చూసే బోల్తాపడ్డాను. కింద సంతకం మాత్రం ఆమెదే, 18 నిండకపోతే గార్డియన్‌ది. కౌంటర్ దగ్గర "మీ ఆయన్ని పిలువమ్మా" అంటారే, అది వాళ్ల అలవాటు, చట్టం కాదు.

అన్నట్టు, వారాలు లెక్కపెట్టేది చివరిసారి బహిష్టయిన మొదటి రోజు నుంచి. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు గడిచిపోయి ఉంటాయి.

పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను. వాట్సాప్‌లో పంపినవాళ్లు ఇది కూడా పంపండి.