రిటర్న్ జీరో గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ రిటర్న్ జీరో గారి సముఖానికి,

లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో, సెన్సర్లను నడిపే డ్రైవర్ల కోడ్‌కి వచ్చే ప్యాచ్‌లు (మార్పులు) రివ్యూ చేసే ఒకడు రాసుకునేది. ఉభయకుశలోపరి.

ఈ మాట తమకు కొత్త కాదు. వెనకటి ఉత్తరాల్లో ఇంటిల్లిపాదికీ జ్వరమొచ్చినా మొదటి లైన్లో ఉభయకుశలోపరే ఉండేది, అసలు సంగతి ఆ తర్వాత వచ్చేది. తమ దగ్గర ‘ఆ తర్వాత’ అనేదే లేదు. తమరు ఫంక్షన్‌కి, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కకి, ఆఖరి లైను. సున్నా తిరిగిస్తే ఏ ఎర్రరూ లేదని అర్థం. క్షేమమని చెప్పేసి బ్రాకెట్ మూసేస్తారు.

మొన్న తమరు కొలువుదీరిన ప్యాచ్ ఒకటి నా ముందుకొచ్చింది. ఐ2సీ బస్ (చిప్‌లు మాట్లాడుకునే రెండు వైర్ల దారి) మీద కూర్చునే చిన్న టెంపరేచర్ సెన్సర్. 12 బిట్ల రీడింగ్, ఒక్కో మెట్టు 0.0625 డిగ్రీలు. కోడ్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. ట్యాబులు కుదురుగా ఉన్నాయి, కామెంట్లున్నాయి. "నా బోర్డు మీద టెస్ట్ చేశాను, బాగా పనిచేస్తోంది" అని రాసినాయన హామీ కూడా ఉంది. నిజమే. పనిచేసే సెన్సర్ మీద ఏ డ్రైవరైనా పనిచేస్తుంది.

నేను డేటా వైరు పీకాను.

గదిలో చెమటలు కారుతున్నాయి. తెర మీద మాత్రం మైనస్ 0.0625 డిగ్రీలు. ఎర్రర్ లేదు, జరిగింది రాసిపెట్టే లాగ్‌లో ఒక్క ముక్క లేదు. తమరొక్కరే ఉన్నారు, నిర్మలంగా.

ఈ అంకె ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని అరగంట తవ్వాను. పిలిచిన చిరునామా నుంచి జవాబు రాకపోతే ఇక్కడి బస్ కంట్రోలర్ డ్రైవర్ మైనస్ 6 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. కెర్నల్‌లో దాని పేరు ఈఎన్ఎక్స్ఐఓ. అలాంటి పరికరంగానీ చిరునామాగానీ లేదు పొమ్మని అర్థం. రీడ్ ఫంక్షన్ ఆ మైనస్ 6ని యథాతథంగా తెచ్చి చేతిలో పెట్టింది. మనవాడు అదేంటని చూడకుండా 16 బిట్ల వేరియబుల్‌లో వేసుకున్నాడు. కింది నాలుగు బిట్లు అక్కర్లేదు కాబట్టి కుడివైపుకి నాలుగు జరిపాడు, అంటే 16తో భాగించి కింది పూర్ణాంకానికి దించినట్టు. మైనస్ 6 కాస్తా మైనస్ 1 అయింది. 0.0625తో గుణించాడు. చలికాలం వచ్చేసింది. కింద తమరు సంతకం పెట్టారు.

అక్కడితో ఊరుకోలేకపోయాను, నా బుద్ధి అంతే. కొన్ని కంట్రోలర్లు జవాబు రాకపోతే మైనస్ 121 ఇస్తాయి. అప్పుడు రీడింగ్ మైనస్ అర డిగ్రీ. బస్ ఇరుక్కుని టైమవుట్ అయితే మైనస్ 110, అంటే మైనస్ 0.4375. ఒక్కో రోగానికి ఒక్కో చలి. కొన్నాళ్లు అలవాటు పడితే నాడి పట్టి చూసినట్టు రీడింగ్ చూసి ఏ జబ్బో చెప్పేయొచ్చు.

నవ్వి ఊరుకుందామంటే, పైన ఫ్యాన్‌ని నడిపే ప్రోగ్రామ్ ఒకటి ఈ రీడింగ్ కోసమే కాచుకుని ఉంది. దానికి తమరంటే మహా గురి. సున్నా కన్నా కిందికి దిగిందంటే ఇక ఫ్యాను దేనికని ఆపేసింది. లోపల చిప్ ఉడుకుతోంది. తప్పెవరిదని అడిగితే, సెన్సర్ అబద్ధమాడలేదు, అసలు నోరే విప్పలేదు. కంట్రోలర్ ఉన్నదున్నట్టు చెప్పింది. ఫ్యాన్ ప్రోగ్రామ్ విన్నది నమ్మింది. మధ్యలో నిలబడి ఆ కబురుని "అంతా బాగుంది"గా మార్చి పంపింది తమరే.

తమ పరివారం గురించి కూడా రెండు ముక్కలు. డెవ్ ఎర్ అని, లాగ్‌లో ఎర్రర్లు రాసే ఒకాయన ఉన్నాడు. "కాన్ఫిగ్ రాయడం ఫెయిలైంది" అని లాగ్‌లో కేకేసి తర్వాతి లైనుకి వెళ్లిపోతాడు. ఇల్లంటుకుందని వీధంతా వినబడేలా అరిచి, మళ్లీ లోపలికెళ్లి పడుకున్నట్టు. తమ తమ్ముడు రిటర్న్ మైనస్ వన్ గారు ఏదో జరిగిందని ఒప్పుకుంటారు, అదే పదివేలు. కాకపోతే కెర్నల్‌లో మైనస్ 1కి ఈపర్మ్ అని వేరే అర్థం ఉంది, అనుమతి లేదని. వైరు తెగిన సంగతి యూజర్‌కి "నీకు అనుమతి లేదు" అని చేరుతుంది. పాపం ఆయన అడ్మిన్ హక్కులిచ్చే సుడో కొట్టి, ఫైల్ పర్మిషన్లు మార్చి, మళ్లీ సుడో కొట్టి, సాయంత్రానికి తన మీద తనకే అనుమానం తెచ్చుకుంటాడు.

పరికరం కనబడగానే దాన్ని సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్ జోలికి పోకూడదనుకున్నాను, తప్పేట్టు లేదు. కరెంటిచ్చే రెగ్యులేటర్ ఆన్ చేశాడు, తాళం వేసే క్లాక్ ఆన్ చేశాడు, పరికరం కెర్నల్‌ని పిలవడానికి కొట్టే గంట లాంటి ఇంటరప్ట్ అడిగాడు. దొరకలేదు. అక్కణ్ణుంచి అటే రిటర్న్. ఇందులో తమ ప్రమేయం లేదు, ఎర్రర్ కోడ్ పైకి సరిగ్గానే వెళ్లింది. మరి ఆన్ చేసిన ఆ రెండింటినీ ఎవరాపుతారు? అభిమన్యుడి చదువు ఇది, లోపలికెళ్లడమే వచ్చు. తెరిచిన వరసకి తలకిందులుగా మూసుకుంటూ బయటికి రావాలి. కోడ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకించే గోటో అంటే కాలేజీలో చెంపలేసుకోమన్నారు గానీ కెర్నల్‌లో ఈ పనికి దాన్ని దర్జాగా వాడతారు. అది బరువనుకుంటే డెవ్‌ఎమ్ ఫంక్షన్లున్నాయి, ప్రోబ్ ఫెయిలైతే అవే సర్దేసి పోతాయి. రెండూ కాదని వదిలేస్తే, బ్యాటరీ ఎందుకు దిగిపోతోందా అని ఇంకెవరో నెలరోజులు వెతుక్కోవాలి.

అన్నట్టు, ఐ2సీ డ్రైవర్ల రిమూవ్ ఫంక్షన్‌లో తమ పదవి ఊడింది. 2022 చివర్లో వచ్చిన 6.1 కెర్నల్ నుంచి అది ఏమీ తిరిగివ్వదు. అక్కడ ఏ ఎర్రర్ ఇచ్చినా కెర్నల్ విని ఊరుకునేది, పరికరాన్ని ఎలాగూ తీసేసేది. అలాంటప్పుడు క్షేమసమాచారం దేనికని ఆ ఉత్తరాలే ఎత్తేశారు. నొచ్చుకోకండి.

తమరు రావద్దని కాదు నా మనవి. ప్రతి పిలుపు దగ్గరా ఏమైందని అడిగి, ఏమీ కాలేదని తేలాక రండి. అప్పటిదాకా ఆ కుర్చీలో, వచ్చిన జవాబు ఎర్రరైనా సరే అదే తిరిగిచ్చే "రిటర్న్ రెట్" గారిని కూర్చోబెడతాం. ఆయనకి నోటి దురుసు ఎక్కువే, కానీ విన్నదే చెబుతాడు.

ఇట్లు,
రివ్యూడ్-బై అనే ఆమోదముద్ర ఇంకా పెట్టనివాడు

తా.క.: ఇది రాస్తుండగానే ప్యాచ్ కొత్త వెర్షన్ వచ్చింది. "రెట్ సున్నా కన్నా తక్కువైతే వెనక్కి పో" అని చెక్ పెట్టాడు. సంతోషించాను. తర్వాత పైకెళ్లి చూస్తే రెట్‌ని యూ16గా, అంటే మైనస్ గుర్తే లేని 16 బిట్ల అంకెగా, ప్రకటించాడు. అందులో సున్నా కన్నా తక్కువ పట్టనే పట్టదు. మళ్లీ వైరు పీకాను. ఇప్పుడు 255.9375 డిగ్రీలు. ఫ్యాను మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది.