టెఫ్లాన్ టేపు చుడితే డీజిల్ లీకు ఆగుతుందా?

"డీజిల్ లీకుకు మెకానిక్ అక్కరలేదు" అంటూ ఒక వాట్సాప్ సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది. ట్రాక్టరైనా కారైనా, ఇంధనం జాయింటు దగ్గర కారుతుంటే నట్టు విప్పి, మర మీద టెఫ్లాన్ టేపు ఐదారు చుట్లు చుట్టాలట. అప్పటికీ కారితే ఇంకాస్త బిగించాలట. ఫిట్టింగు పాడైతే నీళ్ల పైపుల దుకాణంలో అదే సైజుది తెచ్చుకోవచ్చట, పావంగుళం ఎక్కడైనా పావంగుళమే కదా అని. చుక్క పడటం ఆగితే లీకు పోయినట్టేనట. ఇవన్నీ నమ్మినవాళ్లు చివరికి విరిగిన ముక్క పట్టుకుని నాలాంటి ఫిట్టింగుల దుకాణానికే వస్తారు. అందుకే ఈ జవాబు.

మొదట టేపు సంగతి. ఇంట్లో కుళాయికి టేపు పనిచేస్తుంది, కాదనను. ఆ పైపు మర కొసకు వచ్చేకొద్దీ సన్నబడుతుంది: 16 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసంలో 1 మిల్లీమీటరు చొప్పున. తిప్పేకొద్దీ మేకులా బిగుసుకుంటుంది, మిగిలిన సన్నని సందును టేపు పూడుస్తుంది. బండి ఇంధన లైనులో ఉండే నట్లు, బోల్టుల్లో ఎక్కువ వాటికి ఈ వాలు ఉండదు. మర మొదలు నుంచి చివరి దాకా ఒకే లావు. అక్కడ మర పని రెండు ముఖాలను ఒకదానికొకటి దగ్గరగా లాగి పట్టడం మాత్రమే. డీజిల్‌ను ఆపేది వేరే ఉంటుంది. కొన్నిచోట్ల పైపు కొసన విప్పారిన కోన్, కొన్నిచోట్ల రబ్బరు రింగు, ఇంకొన్నిచోట్ల రాగి వాషర్లు.

ట్రాక్టరు డీజిల్ ఫిల్టరు దగ్గర చూడండి. పైపు కొసన ఉంగరం లాంటి కన్ను, అందులోంచి దూరిన బోల్టు. అదే బాంజో బోల్టు. దాని లోపల బోలుగా ఉంటుంది, పక్కన రంధ్రం ఉంటుంది. కన్నుకు పైన ఒక వాషర్, కింద ఒక వాషర్. డీజిల్ బయటికి రావాలంటే ఆ రెండు వాషర్ల దగ్గరే రావాలి. మర కింది వాషర్‌కు లోపలి వైపున ఉంది, దాని చుట్టూ ఎటూ డీజిలే. అక్కడ టేపు చుట్టడమంటే ఇల్లు కురుస్తుంటే పడకగది తలుపు వేసుకోవడమే. మొన్న ఒకాయన తెచ్చిన బోల్టుకు టేపు తెగి, తెల్లటి పోగులుగా ఊడి పక్క రంధ్రంలోకి వేలాడుతోంది. వాషర్లు మాత్రం పాతవే. వాటి మీద చుట్టూ లోతుగా గాడి పడి ఉంది, ఒకదానికి అడ్డంగా గీత కూడా. రెండు కొత్త వాషర్లు వేసుకున్నాడు, లీకు ఆగింది. రాగి వాషర్ ఒకసారి నలిగితే గట్టిపడుతుంది, రెండోసారి సరిగా నలగదు. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుందని పాత మెకానిక్‌లకు తెలుసు. కానీ కొత్తది అంత ఖరీదేమీ కాదు.

ఆ తెల్లటి పోగుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఫిల్టరుకు ముందు ఊడితే ఫిల్టరు పట్టుకుంటుంది. ఫిల్టరు దాటాక ఊడితే పంపుకు, ఇంజెక్టరుకు పోతుంది. వాటిలో భాగాల మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని. వాలు మర ఇంధన లైనుల్లో అసలు లేదని అనడం లేదు, కొన్ని ట్యాంకులకు, అడాప్టర్లకు ఉంటుంది. అక్కడ పెట్రోలు, డీజిల్ తట్టుకునే సీలెంటు రాయాలి. టేపు తప్ప మరేదీ చేతికి అందకపోతే కొస నుంచి రెండు చుట్ల మర వదిలేసి చుట్టాలి.

"పావంగుళం ఎక్కడైనా పావంగుళమే" అనే మాట వినగానే కొలత తీసే వెర్నియర్ చేతికిస్తాను. పావంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. పావంగుళం పైపు మరను బయటినుంచి కొలిస్తే 13 పైచిలుకు వస్తుంది! ఆ పేరు ఒకప్పటి పైపు లోపలి బోలును బట్టి వచ్చింది, మరను బట్టి కాదు. పైగా బ్రిటిష్ పావంగుళానికి అంగుళానికి 19 మరలు, పంటి కోణం 55 డిగ్రీలు. అమెరికన్ దానికి 18 మరలు, 60 డిగ్రీలు. ఒకదాన్ని ఒకదానిలో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి బిగుసుకుంటుంది. "భలే పట్టింది" అనుకుంటారు. నిజానికి పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. మన బండ్లలో తరచుగా కనిపించేవి 12, 14 మిల్లీమీటర్ల మెట్రిక్ మరలు, పిచ్ (పన్నుకూ పన్నుకూ మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు. ఆ దూరం సరిచూసే పళ్ల రేకు, పిచ్ గేజిని మరకు ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. పళ్ల మధ్య వెలుగు కనిపిస్తే అది మీది కాదు.

మర కలిసినా పని అయిపోదు. అరంగుళం గొట్టానికి వాడే ఫ్లేర్ (ఇందాక చెప్పిన విప్పారిన కోన్) ఫిట్టింగుల్లో 37 డిగ్రీల కోన్ ఉన్నది ఒకటి, 45 డిగ్రీలది మరొకటి. రెండింటి మరా ఒకటే: ముప్పావంగుళం, అంగుళానికి 16. నట్టు చివరి దాకా ఎక్కుతుంది. కోన్ మాత్రం సన్నని గీత మేరకే ఆనుతుంది. మర ఒప్పుకుంది గాని కోన్ ఒప్పుకోలేదు. ఎంత బిగించినా చెమ్మ తగ్గదు.

అప్పుడే "ఇంకాస్త బిగించు" అన్న సలహా గుర్తొస్తుంది. ఫ్లేర్ పగిలేదీ, అల్యూమినియం ఫిల్టరు తలకాయలో మర ఊడేదీ ఆ "ఇంకాస్త"లోనే. టేపు ఉంటే మర జారుతుంది కాబట్టి ఎంత బిగించామో చేతికి తెలియదు కూడా.

నీళ్ల పైపుల దుకాణం గురించి ఒక్క మాట. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) ఫిట్టింగు లోపలి పూత డీజిల్‌తో చర్య జరిపి సబ్బులాంటి పదార్థం అవుతుంది, అది వెళ్లి ఫిల్టరులో పేరుకుంటుంది. వద్దు.

ఇక "చుక్క పడకపోతే లీకు లేనట్టే". ఈ మాటే ఎక్కువ మందిని తిప్పలు పెడుతుంది. ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా ఉన్న లైనులో పంపు డీజిల్‌ను పీలుస్తుంది. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి రాకపోవచ్చు, గాలి లోపలికి పోతుంది. జాయింటు పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ట్రాక్టరు మాత్రం పొద్దున్నే స్టార్ట్ కాదు. ఎయిర్ తీస్తారు, నడుస్తుంది, మర్నాడు మళ్లీ అదే కథ. పంపుకు ముందు కాసేపు డీజిల్‌కు పనికొచ్చే పారదర్శకమైన గొట్టం ముక్క పెట్టి ఇంజను నడపండి. బుడగలు వరుసగా వస్తుంటే లోపం ట్యాంకు వైపు ఉంది. ఒక్కో జాయింటుకూ వాషర్లు మారుస్తూ రండి. బుడగలు ఎక్కడ ఆగితే దొంగ అక్కడ దొరికినట్టే.

ఆ సందేశంలో కామన్ రైల్ డీజిల్ కార్లను, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం (రైలు) నుంచి డీజిల్ అందేవాటిని కూడా ట్రాక్టర్ల గాటనే కట్టేశారు. వాటి రైలు పైపులో ఒత్తిడి వెయ్యి బార్ల పైకి వెళ్తుంది. ఇంజను నడుస్తుండగా ఆ నట్టు వదులు చేయకండి, లీకు ఎక్కడుందోనని వేలితో తడమకండి. సూదిమొనంత ధార చర్మంలోకి దూరుతుంది. బయటికి చిన్న చుక్కగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి డీజిల్ దూరిందని చెప్పాలి.