చార్టుకేనా మార్కులు?

నర్సింగ్ పిల్లల కమ్యూనిటీ పోస్టింగ్, అంటే పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పని నేర్చుకునే శిక్షణ, మన శ్రీకాకుళం జిల్లాలో ఎలా తయారైందో చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. బస్సు దిగుతారు, తలా కొన్ని ఇళ్ళు పంచుకుంటారు, ఇంటింటి ఆరోగ్య వివరాలు రాసే ఫ్యామిలీ ఫోల్డర్లు నింపుతారు, రామమందిరం అరుగు మీద చార్టు పట్టుకుని హెల్త్ ఎడ్యుకేషన్ ఇస్తారు, ఫొటో దిగుతారు. అంతే. చార్టు మీద బొమ్మ బాగుంటే మార్కులు. (బొమ్మ రానివాళ్ళు డబ్బులిచ్చి వేయించుకుంటారు, అది వేరే కథ.)

ఎక్కడైనా ఇది తప్పే గానీ ఉద్దానంలో మరీ అన్యాయం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు బీపీ, షుగర్ లేనివాళ్ళకీ వస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మొదట్లో ఏ బాధా తెలియదు, తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మంచిదే. మరి ఆసుపత్రి గడప తొక్కకముందు ఆ మనిషి ఇంట్లో ఏం తింటున్నాడో, ఏం మింగుతున్నాడో చూసేదెవరు?

అక్కడో పల్లెలో చూశాను. ఓ థర్డ్ ఇయర్ అమ్మాయి జీడితోటలో పనిచేసే పెద్దాయనకి "ఉప్పు తగ్గించాలి, నీళ్ళు బాగా తాగాలి" అని అప్పజెప్పేసింది. పక్కనున్న ఆశా కార్యకర్త మాట్లాడకుండా ఆయన కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. "తాతా, నొప్పి బిళ్ళలేటైనా ఏస్తన్నావా?" అంది. ఆయన రొండిన దోపుకున్న స్ట్రిప్పు తీశాడు. నొప్పి బిళ్ళలు రోజూ మింగితే కిడ్నీకి చేటు. ఒళ్ళు నీరు పట్టినవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరు లెక్క చెప్పాలి, అందరికీ ఒకే మంత్రం పనికిరాదు. ఆ పిల్ల చార్టు చుట్టేసి నోట్‌బుక్ తీసింది. చదువు అక్కడ మొదలైంది.

ఇంటికెళ్ళినప్పుడు సామాన్ల బ్యాగుని శుభ్రంగా వాడే బ్యాగ్ టెక్నిక్‌ని నేను తక్కువ చెయ్యను. పేపరు పరిచి, బ్యాగు పెట్టి, ముందు చేతులు కడుక్కోవాలి కదా. ఆ నీళ్ళు అడిగినప్పుడే తెలుస్తుంది, ఆ ఇంటికి కుళాయి ఉందో బోరింగు దగ్గరికి పోవాలో. కళ్ళు తెరిచి చేస్తే అదే ఓ సర్వే.

నిజంగా నేర్పేది ఊళ్ళో తిరిగే నర్సు ఏఎన్ఎమ్, ఆశా. బుధవారం, శనివారం టీకాలు, మిగతా రోజులు ఆన్‌లైన్ ఎంట్రీలు, వాళ్ళకి ఊపిరాడదు. పైగా బ్యాచి మొత్తాన్ని వాళ్ళ నెత్తిన పడేసి సంతకాలు పెట్టమంటాం. నేర్పినందుకు పైసా ఇవ్వం, లాగ్‌బుక్‌లో పేరూ రాయం.

ఇళ్ళ సంఖ్య తగ్గించండి. ఇద్దరికి ఒక ఇల్లు ఇచ్చి, ఆ ఇంటికే మళ్ళీ మళ్ళీ పంపండి. సిలబస్ గంటలు ఎటూ పోవు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, చార్టు పక్కన పెట్టి, మీరు వెళ్ళిన ఇంట్లో నీళ్ళు ఎక్కడివి, ఎవరు ఏ బిళ్ళలు మింగుతున్నారు అని అడగండి. చెప్పలేని పిల్లకి మార్కులు కొయ్యండి, పంపిన కాలేజీని కూడా అడగండి.