వేవర్లీ హిల్స్‌లో 63 వేల చావులా? మంచాలు లెక్కపెట్టండి

నెలకోసారైనా ఆ వీడియో మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో వచ్చి పడుతుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరం దగ్గర గుట్ట మీద వేవర్లీ హిల్స్ అనే పాత టీబీ ఆస్పత్రి. డ్రోన్ షాట్, నక్క ఊళ, ఆపైన ఓ గంభీరమైన గొంతు: "ఇక్కడ 63 వేల మంది చచ్చిపోయారు. శవాల్ని రహస్య సొరంగంలోకి తోసేసేవారు. రోగుల మీద ఘోరమైన ప్రయోగాలు చేశారు. చివరికి దెయ్యాల భయంతో మూసేశారు." మొన్న మా మేనత్త కొడుకు "ఇది నిజమేనా బావా?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను.

ముందు ఆ 63 వేల సంగతి. ఆస్పత్రి 1910లో తెరిచారు, 1961లో మూశారు. 51 ఏళ్లకు పంచితే ఏడాదికి 1,235 చావులు, అంటే రోజుకు ముగ్గురికి పైనే. ఇప్పుడు మంచాలు లెక్కపెట్టండి. మొదట కట్టింది రెండంతస్తుల చెక్క భవనం, నలభై యాభై మందికి సరిపోయేది. వీడియోలో కనిపించే అయిదంతస్తుల పెద్ద భవనం 1926లో గానీ తెరవలేదు. అందులో పట్టేది నాలుగు వందల పైచిలుకు మంది. ఆ పెద్ద భవనం మొదటి రోజు నుంచీ ఉందనుకున్నా, ఒక్కో మంచం మీద ఏటా ముగ్గురు చొప్పున అర్ధ శతాబ్దం పాటు చనిపోతూనే ఉండాలి. టీబీ అలా వచ్చీరాగానే చంపే జబ్బు కాదు. శానిటోరియంలో, అంటే టీబీ రోగుల్ని ఉంచుకుని చూసే ఇలాంటి ఆస్పత్రిలో, చేరినవాళ్లు నెలల తరబడి, కొందరు ఏళ్ల తరబడి ఉండేవారు. 1930లో లూయీవిల్ జనాభాయే మూడు లక్షల పైచిలుకు. అందులో అయిదో వంతు ఒక్క గుట్ట మీదే పోయారంటే ఊళ్లో ఏడవడానికైనా మనుషులు చాలరు.

అక్కడ అసిస్టెంట్ మెడికల్ డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్ స్టీవర్ట్ చెప్పిన ప్రకారం, ఒక్క ఏడాదిలో అత్యధికంగా చనిపోయినవాళ్లు 152 మంది. సరే, 51 ఏళ్లూ అంత చెడ్డగానే గడిచాయనుకుందాం. 7,752 అవుతుంది. అదేం చిన్న సంఖ్య కాదు, అన్ని కొంపల్లో దీపం ఆరిన లెక్క. కానీ 63 వేలలో ఎనిమిదో వంతుకు కూడా రాదు.

ఇక సొరంగం. ఇందులో సగం నిజముంది. దాదాపు 500 అడుగుల సొరంగం ఉంది, శవాలు దాని గుండా కిందికి దిగిన మాటా వాస్తవమే. అయితే దాన్ని తవ్వింది శవాల కోసం కాదు. గుట్ట కింద నుంచి పైకి ఆవిరి గొట్టాలు తేవాలి, సరుకులు చేర్చాలి, మంచు కురిసే రోజుల్లో సిబ్బంది ఎక్కి రావాలి. అందుకే ఒక పక్కన మెట్లు, ఇంకో పక్కన మోటారుతో లాగే బండికి పట్టాలు. శవాల్ని కూడా ఆ దారినే పంపింది బతికున్నవాళ్ల కోసం. రోగులు పగలంతా వరండాల్లో పడుకుని బయటికి చూస్తూ ఉండేవారు. వాళ్ల కళ్ల ముందు నుంచే రోజు మార్చి రోజు శవాల బండి వెళ్తుంటే ఎవరికి మాత్రం గుండె నిలుస్తుంది? మందే లేని రోజుల్లో రోగికి ధైర్యం కూడా ఒక వైద్యం. దాచారు, నిజమే. దాన్ని కుట్ర అనడానికే నాకు నోరు రాదు.

"ఘోరమైన ప్రయోగాలు" అన్నవి ఆనాడు చాలా దేశాల్లో మామూలుగా చేసిన చికిత్సలే. జబ్బుపడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇస్తే పుండు మానుతుందని నమ్మేవారు. ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి దాన్ని కుదించేవారు. అలా కుదరకపోతే కొన్ని పక్కటెముకలు తీసేసేవారు. వింటేనే ఒళ్లు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. మిగతాదంతా మంచి తిండి, పడక, గాలి. చలికాలంలో కూడా మంచాల్ని వరండాల్లోనే ఉంచేవారు. అప్పటి ఫొటోల్లో రోగులు కప్పుకున్న దుప్పట్ల మీద మంచు పేరుకుని ఉంటుంది. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలసిందీ ఈ గాలి మీద నమ్మకంతోనే. కాకపోతే అక్కడ మంచు బాధ లేదు.

502వ నంబరు గదిలో ఒక నర్సు ఉరేసుకుందని కూడా ఆ వీడియో చెప్తుంది. ఆ కథ గురించి ఒక్క మాట చాలు: వీడియోలో పేరు లేదు, పత్రిక లేదు, కాగితం ముక్క లేదు.

చివరిది, దెయ్యాల భయంతో మూసేశారన్న మాట. మూయించింది దెయ్యం కాదు, మందు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు, వెనకే మరికొన్ని మందులొచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన అసలు శానిటోరియం అవసరమే లేదని తేల్చింది. మందులు సరిగ్గా వేసుకుంటే ఇరుకింట్లో ఉన్న పేద రోగీ, శానిటోరియంలో మంచి తిండి తింటూ పడుకున్న రోగీ దాదాపు ఒకేలా కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అంటుకోవడంలోనూ తేడా కనిపించలేదు. ఆ ఫలితాలు 1959లో బయటికొచ్చాయి. రోగులు తగ్గిపోతుంటే అంత పెద్ద భవనం టీబీకి ఎందుకు? 1961లో మూసి, మిగిలినవాళ్లను వేరే ఆస్పత్రికి పంపించారు.

మరుసటి ఏడే అదే భవనాన్ని వృద్ధుల ఆస్పత్రిగా మళ్లీ తెరిచారు. దెయ్యాలకు జడిసి వదిలేశారని వీడియో చెప్పే ఆ గదుల్లోనే ముసలివాళ్లు దాదాపు ఇరవై ఏళ్లు ఉన్నారు. 1980ల మొదట్లో దాన్ని ప్రభుత్వం మూయించిందంటే, అదీ దెయ్యాల వల్ల కాదు. వాళ్లను సరిగ్గా చూడటం లేదన్న ఆరోపణల మీద. ఆ సంగతి వీడియోలో ఎక్కడా ఉండదు.