రెండో గేర్ రాడ్ చూసి మురిసిపోయేవాళ్లకి

పోయిన ఆదివారం కంచం ముందు కూర్చున్నానో లేదో మా బావమరిది ఫోన్. "బావా, మారుతి జిప్సీ జీపు దొరికింది! 2008 మోడల్, సింగిల్ హ్యాండ్, డాక్టర్ గారి బండి. సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే హైదరాబాద్ వాళ్లు పట్టుకుపోతారట."

మన దగ్గర అమ్మకానికొచ్చే ప్రతి పాత బండీ డాక్టర్ గారిదే. ఇన్ని బండ్లు కొని అమ్మే డాక్టర్లు పేషెంట్లను ఎప్పుడు చూస్తారో నాకైతే అర్థం కాదు.

సరే, వెళ్లాం. బండి మెరిసిపోతోంది. ఇంత లావు మడ్ టైర్లు, ముందు ఇనప బంపర్, పైన లైట్ల పట్టీ. మావాడు ఎక్కి కూర్చుని, నాలుగు చక్రాలకీ శక్తి పంపడానికి ఉండే ఆ చిన్న రెండో గేర్ రాడ్ లాగాడు. మీటర్లో ఫోర్ వీల్ డ్రైవ్ లైట్ వెలిగింది. "పడింది బావా!" అన్నాడు. వాడి మొహంలో కూడా లైటే.

అమ్మేవాడిని ఒక పాత ఫ్లెక్సీ ముక్క అడిగి తీసుకుని బండి కింద దూరాను. ఇంజన్ శక్తిని వెనక చక్రాలకి మోసే ఇనప కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్, ఉంది. ముందు యాక్సిల్‌కి వెళ్లాల్సిన షాఫ్ట్ లేదు. అది బిగించాల్సిన చోట ఒక పాలిథిన్ కవర్ చుట్టి, ఇన్సులేషన్ టేపు వేసి ఉంది. టేపు కొత్తది.

"ఇదేంటండీ?" అన్నాను కింద నుంచే.

"అది తీసేస్తే మైలేజ్ వస్తుంది సార్. సౌండ్ కూడా ఉండదు. లైట్ వెలుగుతోందిగా!"

లైట్ వెలగడానికి షాఫ్ట్ అక్కర్లేదు. ఆ స్విచ్ ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, అంటే శక్తిని ముందు వెనక చక్రాలకి పంచే గేర్ పెట్టె మీద ఉంటుంది. రాడ్ ఆ స్థానంలోకి వస్తే చాలు, వెలుగుతుంది. ముందు చక్రాలకి శక్తి చేరిందో లేదో దానికేం తెలుసు?

నా కోపం అమ్మేవాడి మీద కాదు. వాడి పని వాడు చేశాడు. కోపమంతా కొనేవాళ్ల మీదే. అదే మోడల్ మామూలు బండి కంటే ఫోర్ బై ఫోర్‌కి ఎక్కువ పోస్తారు. దేనికి? ఆ రెండో రాడ్‌కి. దాన్ని తప్ప అన్నీ చూస్తారు. స్టీరియో చూస్తారు, సీటు కవర్లు చూస్తారు, టైర్ల మీద చెయ్యేసి ఫోటో దిగుతారు. రాడ్ వేసి ఒక్కసారి మట్టిలో నడిపి చూసినవాడిని నేను ఇప్పటిదాకా ఒక్కడినీ చూడలేదు.

మట్టిలోనే ఎందుకంటే, జిప్సీలో, పాత మహీంద్రా థార్‌లో ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య డిఫరెన్షియల్ (రెండు పక్కలూ వేరే వేరే వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఆ బలమంతా షాఫ్టులూ గేర్లూ మోస్తాయి. అందుకే బండిని చెరువు గట్టుకో ఖాళీ లేఅవుట్‌కో తీసుకెళ్లాలి. జిప్సీలాగా ముందు చక్రాలకి లాకింగ్ హబ్‌లుంటే (చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే బిళ్లలు) దిగి వాటిని లాక్‌కి తిప్పాలి (సగం మందికి అవి ఉన్నాయనే తెలియదు, తుప్పుపట్టి తిరగవు కూడా). రాడ్ ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో తిరిగే స్థానంలో వేసి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా కోసి మెల్లగా గుండ్రంగా తిప్పండి, తర్వాత రెండో పక్కకి. ముందు చక్రం దగ్గర టక టక అంటే జాయింట్ పోయినట్టు. తర్వాత ఫోర్ లోలో (వేగం తక్కువ, బలం ఎక్కువ), ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా గట్టు దిగండి. మనిషి నడిచినంత వేగంతో దిగాలి. మధ్యలో రాడ్ తనంతట తాను న్యూట్రల్‌లోకి తన్నేసిందా, లోపల గేర్లు అరిగిపోయాయి. ఆ బిల్లు చూస్తే మీ బైక్ కూడా అమ్ముకోవాల్సి వస్తుంది.

ఇక చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనప చట్రం. ఇక్కడ నేనూ పెద్ద తెలివిగలవాణ్ణేం కాదు. ఆరేళ్ల క్రితం పశ్చిమ గోదావరిలో రొయ్యల చెరువుల మీద తిరిగిన ఒక డీజిల్ జీపు కొన్నాను. కింద చూస్తే నిగనిగలాడే నల్ల రంగు. ఎంత బాగా చూసుకున్నాడో అని పొంగిపోయాను. మా మెకానిక్ ఏమీ మాట్లాడలేదు. పదిహేను నంబర్ స్పానర్ తీసుకుని ముందు నుంచి కొట్టుకుంటూ పోయాడు. టంగ్, టంగ్, టంగ్. వెనక కమాన్ కట్ట వేలాడే షాకిల్ దగ్గరికి రాగానే దబ్. స్క్రూడ్రైవర్ పెట్టి గుచ్చితే బిస్కెట్‌లో దిగినట్టు దిగింది. ఉప్పు నీళ్ల బురద చాసిస్ లోపల చేరి లోపల్నుంచి తినేస్తుంది, పైకి ఏమీ కనబడదు. అప్పటినుంచి పాత బండి కింద కొత్త నల్ల రంగు కనబడితే నాకు టెన్షనే. తుప్పు కనబడే బండే నయం, కనీసం ఎంతుందో తెలుస్తుంది.

కింద ఉన్నప్పుడే ఇంకో పని. ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ, ముందు వెనక యాక్సిల్స్‌లో ఒక్కొక్కటిగా ఉండే రెండు డిఫరెన్షియల్స్‌కీ ఆయిల్ పోసే బోల్టులుంటాయి. విప్పించి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వాగుల్లో దించి నీళ్లు పట్టించారన్నమాట. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడ అంటే బేరింగో, చక్రం పక్కకి తిరగడానికి ఉండే కింగ్ పిన్నో చూసుకోవాలి.

ఇంజన్ గురించి పెద్దగా చెప్పను, దాన్ని అందరూ చూస్తారు. ఒకటే మాట. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే టీ తాగి రండి. చల్లబడ్డాకే స్టార్ట్ చేయమనండి. పొగ సంగతి అప్పుడే తెలుస్తుంది.

కాగితాల విషయంలో ఒక తంటా ఉంది. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ అయిదేళ్లకొకసారి రెన్యువల్ చేయించాలి, దానికి బండి ఫిట్‌నెస్ పాసవ్వాలి. ముందు బిగించే ఆ సోకు ఇనప బంపర్‌ని కేంద్రం 2017లోనే వద్దంది. కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. మిలిటరీ ఆలివ్ గ్రీన్ రంగయితే మామూలు జనం బండికి వేయకూడదని మోటారు వాహనాల నిబంధనల్లో ఎప్పటినుంచో ఉంది. టూ వీల్ డ్రైవ్ బండికి విడి సామాన్లు తెచ్చి ఫోర్ బై ఫోర్ చేసినవీ తిరుగుతుంటాయి. ఆర్‌సీలో మోడల్ పేరు ఒకటి, కింద ఉన్నది ఇంకొకటి. ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడేది ఆ డాక్టర్ గారు కాదు, మీరు.

మా బావమరిది తిరుగు ప్రయాణంలో ఒక్క మాట మాట్లాడలేదు. మంచి బండి చెడగొట్టానని వాళ్లక్కకి ఫోన్ చేసి చెప్పాడట. రెండు రోజులు నాకు ఇంట్లో కాఫీ లేదు.

నిన్న అమ్మేవాడు మళ్లీ ఫోన్ చేశాడు. షాఫ్ట్ గోడౌన్‌లోనే దొరికిందట, బిగించేశాడట, ఇంకో పది వేలు పెంచాడట. మావాడు వచ్చే ఆదివారం వెళ్దామంటున్నాడు. సరే అన్నాను. ఫ్లెక్సీ మాత్రం ఈసారి మనమే తీసుకెళ్దాం, దాని మీద పడుకునేది నువ్వే అని చెప్పాను.